కాగితంలో లేనిది

జూన్ 3

వాన మొదలైంది. పొద్దున క్లినిక్‌కి డ్యూటీకి వెళ్తూ బస్ స్టాపు గోడ మీద మా కాగితం చూశాను. మా ఆయన వెళ్ళిపోయి నాలుగు నెలలు. ఆ కాగితంలో ఆయన మొహం కారిపోయింది. కళ్ళజోడు కింద నుంచి నీలం, ఎరుపు చారలు దిగి “కనబడుటలేదు” అన్న అక్షరాల మీదుగా జారాయి. అక్షరాలు చెక్కుచెదరలేదు. వయసు నలభై తొమ్మిది, మతిమరుపు జబ్బు, నీలం గళ్ళ చొక్కా, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, మా ఫోన్ నంబరు. అన్నీ ఉన్నాయి. మనిషి లేడు.

సాయంత్రం తిరిగి చూస్తే వీధి పొడుగునా అంతే. బస్సుల వెనక అద్దాల మీద అంటించినవీ అంతే.

జూన్ 5

కాగితాలు క్లినిక్ ప్రింటర్లో వేసుకున్నందుకు డాక్టరుగారు కోప్పడలేదు. “ఇంకు మొన్ననే మార్పించాను కదమ్మా, మళ్ళీ అయిపోయిందా?” అన్నారు, అంతే. పళ్ళ డాక్టరు కదా, నొప్పి తెలియకుండా పీకడం వచ్చు. ఇక క్లినిక్ ప్రింటర్ ముట్టుకోను.

జిరాక్స్ షాపుకి వెళ్ళబుద్ధి కాదు. వెళ్ళినప్పుడల్లా అతను “ఇంకా దొరకలేదాండీ” అంటాడు, నేనేదో తాళంచెవి పారేసుకున్నట్టు. పైగా అతను వేసిచ్చినవీ వానకి కారిపోయాయి.

సొంతంగా ఒకటి కొంటాను. ఆల్బంలో ఫొటోలు స్కాన్ చెయ్యాలి, పోలీసు కంప్లయింటు కాపీలు తియ్యాలి, రంగులో ప్రింటు వెయ్యాలి. అన్నీ ఒకదాన్లోనే చేసే మిషన్లున్నాయట. అత్తయ్యకి చెప్తే, “కొనమ్మా. వాడు వచ్చాక కూడా పనికొస్తుంది” అంది. ఏం పనికొస్తుందో ఇద్దరం అనుకోలేదు.

జూన్ 8

మధ్యాహ్నం భోజనం వేళ క్లినిక్ వెనక మెట్ల మీద కూర్చుని ప్రింటర్ల గురించి నిపుణులు రాసినవి చదవడం మొదలుపెట్టాను.

మొదటి చోట పది ప్రింటర్ల పేర్లు. పదీ అద్భుతమే. ఒక్కోదాని కింద “ఇక్కడ కొనండి” అని బొత్తాం. అది నొక్కి కొంటే రాసినవాళ్ళకి వాటా ముడుతుందని అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. రెండో చోట రాసిన నాలుగు పేరాలు కంపెనీ వాళ్ళ ప్రకటనలో ఉన్న నాలుగు పేరాలే. కాకిపిల్ల కాకికి ముద్దు. దాన్ని కోకిల అని పొగడడానికి నిపుణుడెందుకు?

వీడియోల్లో ఒకాయన డబ్బా విప్పుతాడు. ప్లాస్టిక్ కవరు ఊడదీస్తూ ఎంత ఆనందపడతాడో. ఒక పేజీ తీసి, చూడండి ఎంత బాగుందో అంటాడు. అయిపోయింది. ఆ పేజీ మర్నాటికి ఎలా ఉందో అతనికి అక్కర్లేదు.

ఇదంతా చదువుతున్నంతసేపూ, ఇంటి దగ్గర ఆయన గురించి ఫోన్ వస్తుందేమోనని ఆలోచించలేదు.

జూన్ 11

కాగితం మీదున్న నంబరు ఫోన్ పగలంతా అత్తయ్య దగ్గర ఉంటుంది. ఇవాళ ఒకతను చేశాడట. సంతలో మీ అబ్బాయిని చూశాను, మా కొట్టు ముందే కూర్చుని ఉన్నాడు అన్నాడట. నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మరిది కారు తెచ్చాడు. రేపు పొద్దున్నే బయల్దేరతాం.

జూన్ 12

ఎవరూ లేరు.

జూన్ 13

నిన్న రాయలేకపోయాను. ఆ మనిషి కొట్టు ముందు కుర్చీ వేసుకుని మా కోసమే కాచుక్కూర్చున్నాడు. “నిన్న సాయంత్రమే లేచి వెళ్ళిపోయాడండీ” అన్నాడు. ఎలా ఉన్నాడని అడిగాను. నీలం గళ్ళ చొక్కా అన్నాడు. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ అన్నాడు. మతిమరుపు మనిషిలా ఉన్నాడన్నాడు. చుట్టూ పదిమంది చేరారు. వాళ్ళు వింటుంటే అతని గొంతు పెరిగింది.

తిరిగి వస్తుంటే కార్లో తట్టింది. అతను చెప్పినదంతా మేం రాసిందే. కాగితం చదివి మాకే అప్పజెప్పాడు. ప్రకటన చదివి ప్రింటరు గురించి రాసినవాళ్ళకీ ఇతనికీ తేడా ఏముంది?

అవన్నీ చదివాక నాకు తెలిసిందొకటుంది. మిషన్ని నిజంగా ముట్టుకున్నవాడు ప్రకటనలో లేనిది ఏదో ఒకటి చెప్తాడు. ఒకాయన, పేరు లేదు, కొన్న ఏడాదికి రాశాడు: స్కానర్ మూత తీస్తే కుడిపక్క కీలు లేచి వస్తుంది, ఎడంచేత్తో నొక్కిపట్టుకుని తియ్యాలి అని. మూడు వాక్యాలే. నేను అతన్ని నమ్మాను.

అత్తయ్యకి చెప్పాను. “ఈసారి ఎవరు ఫోన్ చేసినా, కాగితంలో లేనిది ఒక్కటి చెప్పమనండి.”

“లేనిదంటే?”

“ఆయన్ని చూసినవాళ్ళకే తెలిసేది.”

“అవి బోలెడుంటాయి కదమ్మా” అంది. అని అలాగే కూర్చుండిపోయింది.

జూన్ 17

అత్తయ్య నేర్చుకుంది. ఇవాళ నా ఎదురుగానే ఒకడితో, “కాగితంలో లేనిది ఒక్కటి చెప్పు నాయనా” అంది. మీ అబ్బాయి చక్కగా పాటలు పాడుకుంటూ వెళ్తున్నాడమ్మా అన్నాడట.

“వాడు పాడితే వీధిలో కుక్కలు లేచేవి” అని ఫోన్ పెట్టేసింది.

ఇద్దరం నవ్వాం. నవ్వాక ఏం చెయ్యాలో తోచలేదు. నేను లేచి బట్టలు మడతపెట్టాను.

జూన్ 18

వినియోగదారుల సంఘం వాళ్ళ పత్రిక ఒకటి దొరికింది. చందా కడితేగాని చదవనివ్వరు. కట్టాను. కంపెనీలు పంపిన మిషన్లు వీళ్ళు తీసుకోరట, మామూలు మనుషుల్లా బజారులో కొంటారట. వేల పేజీలు వేస్తారు. ప్రింటు తీసిన కాగితం మీద నీటిచుక్క వేసి చూస్తారు.

అందరూ రాసింది “ఈ ఇంకు తడికి చెదరదు” అని. వీళ్ళొక్కళ్ళే రాశారు: చెదరనిది నలుపు మాత్రమే, రంగులు చుక్క పడగానే పాకిపోతాయి అని. క్లినిక్‌లో ఉన్నదీ ఆ రకమే అయ్యుండాలి. అందుకే అక్షరాలు మిగిలాయి, మొహం పోయింది. వేరే రకం ఇంకు ఉంటుందట, నాలుగు రంగులూ తడికి ఆగేది. ఏ మిషన్లలో ఉందో వెతకాలి.

జూన్ 20

మరిది వచ్చాడు. ఆయనకి తమ్ముడే గాని పోలికే లేదు. అన్నీ గబగబా కావాలి.

“ఏదో ఒకటి కొనెయ్ వదినా. ఇన్నాళ్ళు పట్టిందేంటి? ఆలస్యం అమృతం విషం అన్నారు.”

“నిదానమే ప్రధానం అని కూడా అన్నారు.”

“సామెతలతో పోస్టర్లు పడవు” అన్నాడు. కాసేపు తలుపు వైపు చూసి, “పోనీ కారిపోయేదే కొను. కారిపోతే మళ్ళీ అంటిద్దాం” అన్నాడు.

మళ్ళీ అంటించడానికి మళ్ళీ వీధి వీధీ తిరగాలి. ఆ మొహం జారిపోవడం మళ్ళీ చూడాలి. ఇంకొక్కటి చూసి నిర్ణయిస్తానని చెప్పాను.

జూన్ 22

రోజంతా వాన. కాగితం వెనక నుంచి పెట్టే ట్రే ఉన్నదే మేలు. మందం కాగితం వంగకుండా వెళ్తుందట.

జూన్ 24

ఒకే మిషన్‌కి ఒకరు పదికి తొమ్మిది వేశారు, ఇంకొకరు నాలుగు. బుర్ర తిరిగింది. రెండూ మళ్ళీ నిదానంగా చదివితే అర్థమైంది. మొదటివాడు ఫొటోలు ఎంత మెరుస్తున్నాయో చూశాడు, రెండోవాడు ఆఫీసులో ఏడాది వాడితే ఏమవుతుందో చూశాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళు అడిగిన ప్రశ్నలు వేరు. మార్కులు చూస్తే చాలదు, ఏ ప్రశ్నకి వేశారో చూడాలి.

నా ప్రశ్న ఎవరూ అడగలేదు. మనిషి మొహాన్ని వానలో గోడ మీద పెడితే ఎన్నాళ్ళుంటుంది?

ఇంకొక్కటి చూసి నిర్ణయిస్తాను.

జూన్ 25

ఇంకొక్కటి.

జూన్ 28

ఇక చదవడం అయిపోయింది. ఆయన ఫొటో ఉన్న తడవని కాగితం ఒకటి, నీళ్ళ సీసా పట్టుకుని కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను. నేను రాసిపెట్టుకున్న నాలుగు మిషన్ల మీదా ఒక్కో కాపీ తీసివ్వమన్నాను. షాపులో అతను చలాకీ మనిషి. తీసిచ్చాడు. నేను వాటిని తలుపు బయటికి పట్టుకెళ్ళి అరుగు మీద పరిచి సీసా వంపాను.

“మేడమ్, ప్రింటరు కొనేవాళ్ళు స్పీడు అడుగుతారు, వారంటీ అడుగుతారు. నీళ్ళు పోసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా” అని నవ్వుతూ వచ్చి కాగితాల మీదికి వంగాడు. “కనబడుటలేదు” అన్నది చదివాడు. నాలుగు కాగితాలు ఎగిరిపోకుండా తనే మూలల్లో పట్టుకున్నాడు.

మూడు కారిపోయాయి. ఒకటి ఆగింది.

“ఇది ఆఫీసు వాళ్ళు కొంటారు మేడమ్. ఫొటోలు కాస్త పేలవంగా వస్తాయి. నిజం చెప్పాలి కదా” అన్నాడు.

నిజమే. నిపుణులు కూడా దీనికి అందుకే మార్కులు తగ్గించారు. అరుగు మీద, ఆ నీళ్ళలో, ఆయన కొంచెం పేలవంగా ఉన్నారు. కానీ ఉన్నారు.

జూలై 1

మిషన్ వచ్చింది. డబ్బా మరిది ఒక్కడే మోసుకుంటూ మెట్లెక్కాడు. ఆయాసపడుతూ, “నిదానమే బరువు వదినా” అన్నాడు. ముందు గదిలో ఆయన కుర్చీ జరిపి అక్కడ పెట్టాం.

జూలై 2

ఆల్బంలో నుంచి కొత్త ఫొటో తీశాం. అత్తయ్య ఎంచింది. మూత వేస్తే సందులో నుంచి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. అత్తయ్య ఆ వెలుగుతో పాటే తల తిప్పింది. వెనక ట్రేలో కాగితాలు పెట్టి పొద్దున్నుంచీ వేశాం. ఒక్కొక్కటీ బయటికొస్తుంటే ముందు నుదురు, తరవాత కళ్ళు. అత్తయ్య అందుకుని ఒకదాని మీద ఒకటి పేర్చింది. వేడిగా ఉంటాయనుకుందట. “చల్లగానే ఉన్నాయమ్మాయ్” అంది.

మా వీధిలో ఉండే కండక్టరు ఒక కట్ట తీసుకున్నాడు. డిపోలో అడిగి దూరం వెళ్ళే బస్సులన్నిటికీ వెనక అద్దం మీద తనే అంటిస్తానన్నాడు. కిందటిసారీ అతనే అంటించాడు.

జూలై 6

పొద్దున కుంభవృష్టి. తగ్గాక గొడుగు వేసుకుని బస్ స్టాపుకి వెళ్ళాను. గోడంతా తడిసి ముద్దయింది. ఆయన మొహం మొహంలాగే ఉంది. పుట్టుమచ్చతో సహా. చాలాసేపు నిలబడ్డాను. నా బస్సు వెళ్ళిపోయింది, పోనిచ్చాను.

నేను గెలిచానని అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

జూలై 15

ఒక ఫోన్ వచ్చింది. ఇవాళ క్లినిక్‌కి సెలవు, నేనే ఎత్తాను. అత్తయ్య స్నానానికి వెళ్ళింది.

జూలై 16

నిన్నటి ఫోన్ నమ్మదగింది కాదు. చేసినావిడ ఒక బస్టాండు ముందు టీ కొట్టు నడుపుతుందట. ఇక్కణ్ణుంచి వెళ్ళే బస్సు చివర ఆగే ఊరు. అంత దూరం ఆయన ఒక్కరూ వెళ్ళలేరు. కళ్ళజోడు లేదంది, కళ్ళజోడు లేకుండా ఆయన గుమ్మం దిగరు. జుట్టంతా తెల్లగా ఉందంది, ఆయనకి సగమే నెరిసింది. బస్సు కోసం చూస్తుండేవాడంది. బస్టాండులో అందరూ చూసేది బస్సు కోసమే. పది మార్కులకి రెండు.

ఇంకొకటి కూడా చెప్పింది. అది అందరికీ ఉండే అలవాటే అయ్యుంటుంది.

జూలై 17

అందరికీ ఉండదు.

క్లినిక్‌లో ఒకే మనిషికి రెండుసార్లు టోకెను ఇచ్చాను. డాక్టరుగారు ఇంటికెళ్ళమన్నారు. వెళ్ళలేదు, వెనక మెట్ల మీద కూర్చున్నాను. మొన్న ఫోన్లో ఆవిడ అన్నది అన్నట్టు రాస్తాను.

“ఆ కాగితం మీద మనిషి ఇంటివాళ్ళేనామ్మా?” అని అడిగింది. అవునన్నాను. ఎప్పుడూ అడిగేదే అడిగాను, కాగితంలో లేనిది ఒక్కటి చెప్పమని.

“ఏం చెప్పనమ్మా, పెద్దగా మాట్లాడేవారు కాదు. కొట్టు ఎదురుగా బెంచీ మీద కూర్చునేవారు. బస్సొస్తే లేచి చూసేవారు. మా ఆవిడ ఇందులో వస్తుంది అనేవారు. నేను టీ, బన్ను ఇచ్చేదాన్ని. టీ తాగి గ్లాసు బోర్లించేసేవారు. ఇంకోటి పోస్తాను బాబూ అంటే, బోర్లించిన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. కొట్టుకొచ్చేవాళ్ళెవరూ అలా చెయ్యరు, బల్లంతా మరక కదా. అందుకే గుర్తుంది.”

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“సరే, చాలేమోలే అనుకున్నానమ్మా. తరవాత వానకి తడిసి జ్వరం వచ్చింది. అంబులెన్సుకి ఫోన్ చేసింది నేనే. వాళ్ళు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు రోజులయ్యాక కనుక్కుంటే పోయారన్నారు. ఎవరూ రాలేదన్నారు.”

మా నంబరు ఎలా దొరికిందని కాదు, ఇప్పుడెందుకు చేశారని అడిగాను. అడిగి ఉండాల్సింది కాదు.

“ఈ మధ్యనే కదమ్మా చూసింది, బస్సు వెనకాల. మొహం స్పష్టంగా ఉంది, చూడగానే ఈయనేనని తెలిసింది. కండక్టరు చేత నంబరు కొట్టించుకుని చేశాను. అంతకు ముందు కూడా ఆ బస్సుకి ఒక కాగితం ఉండేది. ఆయన ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా ఉంది. దాని మీద మొహం లేదమ్మా. రంగు మరకలే. ఎవరో ఏమో అనుకున్నా. నాకు చదువు రాదు.”

ఇంతే.

జూలై 18

మరిదీ నేనూ వెళ్ళొచ్చాం. అత్తయ్యకి క్లినిక్ పనని చెప్పాను.

ఆసుపత్రిలో ఒక గుమాస్తా కంప్యూటర్లో ఫొటో చూపించాడు. ఎవరూ రాని వాళ్ళని అలా ఫొటో తీసి, కొన్నాళ్ళు చూసి, ఆసుపత్రి వాళ్ళే మట్టి చేస్తారట. తెర మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. గడ్డం పెరిగింది. జుట్టంతా తెల్లగానే ఉంది. మరిది బయటికి వెళ్ళిపోయాడు. నేను పుట్టుమచ్చ దగ్గర వేలు పెట్టి చూపించాను. గుమాస్తా రాసుకున్నాడు.

పోయింది జూన్ ఇరవై అయిదున. బెంచీ మీద ఉన్నది అంతకు ముందు వారం. ఆ వారం నేను ట్రేల గురించి రాసుకున్నాను.

టీ కొట్టావిడ దగ్గరికి వెళ్ళాం. నలభై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూడగానే స్టవ్ ఆర్పేసింది. “ముందే తెలిస్తే కూర్చోబెట్టి ఉంచేదాన్నమ్మా” అంది. ఎదురుగా ఉన్న ఆ బెంచీ చూపించింది. ఇప్పుడు అక్కడ వేరేవాళ్ళు కూర్చున్నారు.

బస్సులో వస్తూ మరిదితో అన్నాను: “నువ్వు జూన్‌లోనే చెప్పావు. ఏదో ఒకటి కొనమని.”

“అప్పుడు కారిపోయేదే కొనేవాళ్ళం కదా వదినా.”

“మళ్ళీ అంటించేవాళ్ళం.”

నీళ్ళు నమలడం అతనికి అలవాటు లేదు, అందుకని కిటికీ వైపు తిరిగాడు.

జూలై 19

తలనొప్పని పడుకున్నాను. అవతల గదిలో అత్తయ్య ఫోన్లో ఎవరితోనో, “కాగితంలో లేనిది ఒక్కటి చెప్పు నాయనా” అంటోంది.

జూలై 20

పొద్దున మరిదిని రమ్మన్నాను. ముగ్గురం ముందు గదిలో కూర్చున్నాం. మరిది మొదలుపెట్టాడు, సగంలో ఆగిపోయాడు. మిగతాది నేను చెప్పాను. బెంచీ చెప్పాను, జ్వరం చెప్పాను, ఆసుపత్రి చెప్పాను. కారిపోయిన కాగితం సంగతి చెప్పలేదు. ఎప్పటికైనా చెప్తానో లేదో.

అత్తయ్య ఏడవలేదు. “ఆవిడెవరో కూడా అబద్ధమే చెప్తోంది. ఎంతమంది చెప్పలేదు” అంది.

“ఫొటో చూశామమ్మా” అన్నాడు మరిది.

“గడ్డం పెరిగితే మనుషులంతా ఒక్కలాగే ఉంటారు.” నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. కాగితంలో లేనిది ఏం చెప్పింది ఆవిడ?”

చెప్పాను. టీ తాగి గ్లాసు బోర్లించారని చెప్పాను.

అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“మీ మామగారు పోయినప్పుడు వీళ్ళిద్దరూ ఇంతింత వాళ్ళు. మా అన్నయ్య ఇంట్లో ఒక గది ఇచ్చారు. వాళ్ళ పిల్లలతో పాటే వీళ్ళకీ పాలు పోసేది మా వదిన. రెండోసారి పొయ్యాల్సొస్తే మొహం అదోలా పెట్టేది. తాగగానే గ్లాసు బోర్లించెయ్యండిరా, ఇంకా కావాలన్నట్టు చూడకండి అని నేనే నేర్పాను. ఇదిగో, వీడు వినేవాడు కాదు.” మరిది తల వంచుకున్నాడు. “పెద్దాడు విన్నాడు.”

“ఆవిడ ఇంకోటి పోస్తానంది కదమ్మాయ్?”

“పోస్తానందట అత్తయ్యా.”

“ఆకలి మీదే బోర్లించి ఉంటాడు” అంది. “వాడు ఎప్పుడూ ఆకలి మీదే బోర్లించేవాడు.”

మరిది లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. నేను అక్కణ్ణుంచి కదల్లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దునా సాయంత్రం ఆ బోర్లించిన గ్లాసు తీసి కడిగింది నేనే. కింద ఉండిపోయిన తడి గుండ్రాన్ని గుడ్డతో తుడిచింది నేనే. ఒక్కనాడూ ఇంకొంచెం పొయ్యనా అని అడగలేదు. చాలిందనుకునేదాన్ని.